విల్లింగ్‌నెస్ కాగితం మీద సంతకం పెట్టే ముందు

(బెంగళూరు ఉల్సూరులో తెలుగు జవాన్లూ, వాళ్ళ కుటుంబాలూ కలుసుకున్న ఒక ఆదివారం సమావేశంలో, ఆర్మీ ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్ నుంచి రిటైరైన సుబేదార్ మేజర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న అమ్మలకూ, అక్కచెల్లెళ్ళకూ మరీ మరీ నమస్కారం. ఆదివారం పూట ఇంటి పనులు పక్కన పెట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. వెనక నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

నన్ను మాట్లాడమన్న విషయం ఇది. జవానుగానో, ఎన్‌సీఓగానో (నాయక్, హవల్దార్ లాంటి ర్యాంకులో) ఉన్నవాడు యూనిట్‌లో మామూలు డ్యూటీ దాటి ప్రత్యేకమైన పోస్టింగులకు ఎలా వెళ్ళాలి? పారా ఎస్ఎఫ్ అనే కమాండో దళం, ఉగ్రవాదుల మీద దాడికి వెళ్ళే ఎన్ఎస్‌జీ, ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లో యూఎన్ మిషన్, ట్రెయినింగ్ సెంటర్లో పాఠం చెప్పే ఉస్తాద్ పని, ఎన్‌సీసీ పిల్లలకు శిక్షణ ఇచ్చే పీఐ స్టాఫ్, ఏసీసీ పరీక్ష రాసి ఆఫీసర్ కావడం. మనవాళ్ళు వీటిలో సగాన్ని కలిపి ఈఆర్ఈ, అంటే సొంత రెజిమెంట్ బయట పోస్టింగ్, అనేస్తారు. అన్నీ ఈఆర్ఈ కావు, ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది. కానీ అన్నిటికీ మొదటి మెట్టు ఒక్కటే కాబట్టి కలిపే మాట్లాడతాను.

నేను గట్టిగా నమ్మే మాట ముందే చెప్పేస్తాను. మన తెలుగు కుర్రాళ్ళు వీటికి వెళ్ళలేకపోతున్నది ఒంట్లో సత్తువ లేక కాదు. లెటర్ వచ్చాక తయారవడం మొదలుపెడుతున్నారు, అందుకు. లెటర్ రికార్డ్ ఆఫీస్ నుంచో, బ్రిగేడ్ నుంచో యూనిట్‌కి వస్తుంది, సాయంత్రం రోల్‌కాల్‌లో చదువుతారు, పేర్లు పంపడానికి కొద్ది రోజులే గడువుంటుంది. ఆ కొద్ది రోజుల్లో నీ ఏసీఆర్, అంటే ఏటా నీ పని మీద రాసే రిపోర్టు, మారదు, మెడికల్ కేటగిరీ మారదు, రెండేళ్ళ క్రితం శిక్షగా పడిన రెడ్ ఇంక్ ఎంట్రీ చెరగదు. వెళ్ళడానికి ఇష్టమేనని రాసిచ్చే విల్లింగ్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టడం చివరి పని. మొదటి పని మీరు యూనిట్‌లో అడుగుపెట్టిన వారంలోనే మొదలవుతుంది.

ఈ మాట చెప్పడానికి బెంగళూరు కంటే మంచి ఊరు లేదు. ఉల్సూరు చెరువు పక్కనే మన మద్రాస్ సాపర్ల ఎంఈజీ సెంటర్, 1780లో పుట్టిన గ్రూపు. పారాచూట్ రెజిమెంట్ ట్రెయినింగ్ సెంటర్ ఈ ఊళ్ళోనే ఉంది. సరఫరా, రవాణా చూసే ఏఎస్‌సీ సెంటర్, మిలటరీ పోలీసుల సీఎంపీ సెంటర్, పయనీర్ల సెంటర్ ఇక్కడే. ఎయిర్‌ఫోర్స్ తమ్ముళ్ళకు జాలహళ్ళి ఉండనే ఉంది. ఆఫీసర్ల ఎంపిక జరిగే సెలక్షన్ సెంటర్ సౌత్ కూడా ఇక్కడిదే. ఏఎస్‌సీ వాళ్ళ టోర్నడోస్ మోటార్‌సైకిల్ జట్టు గురించి వినే ఉంటారు. 2017 నవంబర్‌లో యలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లో ఒకే 500 సీసీ బుల్లెట్ మీద 58 మంది ఎక్కి 1,200 మీటర్లు వెళ్ళారు. ఆ బండి నడిపింది ఒక సుబేదారు. అది కూడా ప్రత్యేక పోస్టింగే. మీలో బండి మీద చెయ్యి తిరిగినవాళ్ళు ఉంటే, అలాంటి జట్టు ఒకటుందనీ దానికీ మనుషుల్ని తీసుకుంటారనీ తెలిసుండాలి.

ఇంకొక పేరు చెప్పాలి. లాన్స్ నాయక్ బి. సాయితేజ. అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం, ఎగువరేగడ గ్రామం. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ గారి హెలికాప్టర్ కూలినప్పుడు ఆయనతో పాటు అమరుడయ్యాడు. ఆ రోజు దుఃఖం మనందరికీ గుర్తుంది. నేను ఈ వేదిక మీద తలుచుకుంటున్నది అతని బతుకును. మదనపల్లె పక్కన ఒక పల్లెటూరి కుర్రాడు సిపాయిగా చేరి, పారా కమాండో అయి, దేశపు మొదటి సీడీఎస్ (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) అయిన ఆ రావత్ గారికి వ్యక్తిగత భద్రత చూసే మనుషుల్లో ఒకడయ్యాడు. చేతికి ఒక్క లాన్స్ నాయక్ ఫీత్ ఉండగానే. మన ఊళ్ళ నుంచి అక్కడిదాకా దారి ఉందని చూపించి వెళ్ళాడు. ఆ దారి మిగతావాళ్ళకు కూడా తెలియాలనే నా తపన.

ఇప్పుడు కాగితాల దగ్గరికి వస్తున్నాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, విసుగు పడకండి. మనవాళ్ళు పరుగులో నెగ్గి కాగితంలో ఓడిపోవడం నేను సర్వీస్ పొడుగునా చూశాను.

మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు వస్తుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. భర్తీ రోజున ఫారంలో ఒక్క అక్షరం ఇనీషియల్ రాస్తారు. ఆధార్‌లో పేరు ముందు, ఇంటిపేరు వెనక. పాన్ కార్డులో ఇంకో రకం. పెళ్ళయ్యాక భార్య పేరు పుట్టింటి ఇంటిపేరుతో, యూనిట్ రికార్డుకెక్కించే పార్ట్-2 ఆర్డర్లో పడుతుంది, ఆమె ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటుంది. మామూలు రోజుల్లో ఇదేదీ అడ్డురాదు. జీతం పడుతుంది, క్యాంటీన్ కార్డు నడుస్తుంది. యూఎన్ మిషన్‌కు పేరు వచ్చి పాస్‌పోర్ట్ కాగితాలు మొదలయ్యాయా, అన్నీ ఒకేసారి బయటపడతాయి. అఫిడవిట్ చేయించాలి, యూనిట్ నుంచి రికార్డ్స్‌కు కేసు వెళ్ళాలి, అక్కడి నుంచి సవరణ రావాలి. నెలలు పడుతుంది. ఈలోపు నీ చోట ఇంకొకడు వెళ్ళిపోతాడు.

అందుకని ఈ సెలవులోనే ఇంట్లో కూర్చుని టెన్త్ మెమో, ఆధార్, పాన్, బ్యాంక్ పుస్తకం, పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ఒక్క చోట పరిచి చూసుకోండి. అక్షరం అక్షరం పోల్చండి. అమ్మా, ఈ పని మీ చేతిలో ఉంది. మీ ఆయన ఫీల్డ్‌లో ఉంటే మీరు ఫొటోలు తీసి పంపండి. ఆర్మీ రికార్డులో ఉన్న స్పెల్లింగ్‌కు మిగతావన్నీ సరిపోయేట్టు మార్చుకోవడం తేలిక. ఆర్మీ రికార్డును మార్చడం కష్టం. పుట్టిన తేదీ విషయంలో ఆశే పెట్టుకోవద్దు, భర్తీ రోజున రాసిందే మీ తేదీ అనుకోండి.

పార్ట్-2 ఆర్డర్ అన్నాను కదా. కొత్త పిల్లలకు చెబుతున్నాను, మీ జీవితంలో జరిగింది ఏదైనా పార్ట్-2 ఆర్డర్లో పడితేనే ఆర్మీకి తెలిసినట్టు. కోర్సు చేశావు, మంచి గ్రేడింగ్ వచ్చింది, సర్టిఫికెట్ పెట్టెలో దాచుకున్నావు. ఆర్డర్ పబ్లిష్ కాలేదు. అలాంటప్పుడు సెలక్షన్ బోర్డు ముందు ఆ కోర్సు లేనట్టే. మ్యాప్ రీడింగ్ పాసయ్యావా, ఆర్మీ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ ఏ తరగతి దాకా వచ్చింది, డ్రైవింగ్, ఫైరింగ్ క్లాసిఫికేషన్, ఏ ఆటలో ఏ స్థాయి దాకా ఆడావు, అన్నీ పడ్డాయో లేదో ఏడాదికోసారి హెడ్ క్లర్క్ సాబ్ దగ్గరికి వెళ్ళి చూసుకోండి. మర్యాదగా అడిగితే చూపిస్తారు. మీ సర్వీస్ రికార్డ్ చూసుకోవడం మీ హక్కు, అందులో మొహమాటం ఎందుకు?

ఏసీఆర్ సంగతి. ఎన్‌సీఓ అయ్యాక ఏటా ఒకటి రాస్తారు. మొదటి రెండు మూడు రిపోర్టులు పెద్దగా పట్టించుకోరు మనవాళ్ళు. ఆ రిపోర్టులే తరవాత ఉస్తాద్ పోస్టింగ్‌కూ, పీఐ స్టాఫ్‌కూ, చివరికి నాయబ్ సుబేదార్ లాంటి జేసీఓ ప్రమోషన్‌కూ పునాది. నాయక్ అయిన రోజు నుంచే మీ సెక్షన్ మీ చేతికింద ఎలా నడుస్తోందన్నది కంపెనీ కమాండర్ గమనిస్తుంటాడు. ఆయన రాసే మాట అక్కడి నుంచి వస్తుంది.

మెడికల్ విషయం త్వరగా చెబుతాను. షేప్-1 అంటారు. మనసు, వినికిడి, కాళ్ళూ చేతులూ, ఒంటి సామర్థ్యం, కంటిచూపు, ఈ అయిదింటికీ ఆ అక్షరాలు. పారా, ఎన్ఎస్‌జీ లాంటివాటికి అయిదూ ఒకటిలో ఉండాల్సిందే. మన సాపర్లు పేలుడు పదార్థాల పక్కన పని చేస్తారు, చెవుల మీద శ్రద్ధ పెట్టండి. మోకాలి నొప్పి, చీలమండ నొప్పి దాచుకుని పరుగెత్తకండి. యూనిట్ డాక్టరుండే ఎంఐ రూమ్‌లో చూపించుకుంటే కేటగిరీ పోతుందని భయపడి దాస్తారు. చిన్న నొప్పి ప్రొబేషన్లో బరువు మోసినప్పుడు పెద్దదై, నిజంగానే కేటగిరీ పోతుంది. ముందు చూపించుకున్నవాడు చాలాసార్లు నెలలో బాగుపడి మళ్ళీ పరుగెత్తాడు.

పరుగు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నా కాలంలో పీపీటీ అనే శారీరక పరీక్షలో 2.4 కిలోమీటర్లు, బీపీఈటీ అనే యుద్ధ సామర్థ్య పరీక్షలో రైఫిలూ వీపు సంచీతో 5 కిలోమీటర్లు, తాడు, తొమ్మిది అడుగుల గొయ్యి. పాసైతే చాలనుకునేవాడు వాలంటీర్‌గా పనికిరాడు. ఎక్సలెంట్ రావాలి, అదీ ఏటా. సెలవులో ఊళ్ళో ఉన్నప్పుడు ఒంటిని వదిలేస్తే తిరిగొచ్చాక ఆ స్థాయికి రావడానికి నెల పడుతుంది. సంక్రాంతి సెలవులో కూడా పొద్దున్నే చేలగట్టు మీద పరుగెత్తండి, అరిసెలు ఆ తరవాత తినండి.

నడవడిక గురించి కఠినంగా చెప్పాల్సి వస్తోంది. సెలవు మీద వెళ్ళి ఒక్క రోజు ఆలస్యంగా వచ్చినా ఓఎస్ఎల్, అంటే సెలవు దాటి ఉండిపోయినట్టు. ఊళ్ళో జాతర ఉంది, అన్న పెళ్ళి ముందుకు జరిగింది, రైలు దొరకలేదు, ఇవన్నీ నిజమే కావచ్చు. ముందే ఫోన్ చేసి యూనిట్‌కు చెప్పి పొడిగింపు అడిగితే చాలాసార్లు ఇస్తారు. చెప్పకుండా ఆగిపోతే కాగితం మీద ఎర్ర సిరా పడుతుంది. నాలుగు ఎర్ర ఎంట్రీలు పడితే ఇంటికి పంపే దాకా వెళ్ళవచ్చని మీకు తెలుసు. ఒక్కటి పడినా ప్రత్యేక పోస్టింగ్ లిస్టులో నీ పేరు కిందికి జారిపోతుందని మాత్రం చాలామందికి తెలియదు.

ఇక ఫోన్. 2020లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లు తీసేయమని ఆర్మీ ఆర్డర్ ఇచ్చింది. ఎందుకిచ్చిందో ఆలోచించండి. తెలియని ఆడపిల్ల పేరుతో మెసేజ్ వస్తుంది, యూనిట్ ఎక్కడ అని అడుగుతుంది. ఎన్ఎస్‌జీకి గానీ, పెద్దవాళ్ళ భద్రతకు గానీ మనిషిని తీసుకునేటప్పుడు అతని అలవాట్లు చూస్తారు, అప్పులు చూస్తారు. ఆన్‌లైన్ రమ్మీలో డబ్బు పోగొట్టుకుని బారక్‌లో పదిమంది దగ్గర చేబదులు తీసుకున్నవాడిని ఎవడు నమ్ముతాడు? అప్పున్నవాడిని కొనడం శత్రువుకు సులువు. ఇది మీ అన్నగా చెబుతున్న మాట, మనసుకు పట్టించుకోండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కొందరి పేరు వెళ్ళదు. ఎందుకంటే వాళ్ళు అడగరు. మనవాళ్ళలో ఈ జబ్బు ఎక్కువ. హిందీ తడబడుతుందని వెనక వరసలో నిలబడతారు. పంజాబీ కుర్రాడూ, రాజస్థానీ కుర్రాడూ తప్పో ఒప్పో గట్టిగా మాట్లాడి ముందుకు వెళ్ళిపోతారు. అడగడానికి పద్ధతి ఉంది. సెక్షన్ కమాండర్‌కు చెప్పు, సీహెచ్ఎం (కంపెనీ హవల్దార్ మేజర్) ద్వారా సీనియర్ జేసీఓకు చెప్పు, కంపెనీ కమాండర్ ఇంటర్వ్యూ అడుగు. అప్పటికీ తేలకపోతే యూనిట్ అధిపతి సీఓ సాబ్ ఇంటర్వ్యూకి అర్జీ పెట్టుకో. సైనిక్ సమ్మేళన్ అనే యూనిట్ సభలో అడగడానికి కూడా అవకాశం ఇస్తారు. అర్జీ రాతపూర్వకంగా ఇవ్వు. నోటితో చెప్పింది కంపెనీ కమాండర్ మారగానే గాలిలో కలిసిపోతుంది, రాసింది ఫైల్లో ఉంటుంది.

సీఓ సాబ్ కాదనొచ్చు. యూనిట్‌లో మనుషులు తక్కువున్నారు, నీ ట్రేడ్‌లో ఇంకొకడు లేడు, ఫీల్డ్‌కు కదలబోతున్నాం అంటే ఆయన కాదనడానికి కారణం ఉన్నట్టే. మొహం మాడ్చుకోవద్దు. "సాబ్, వచ్చే లెటర్‌కు నా పేరు గుర్తుంచుకోండి" అని సెల్యూట్ కొట్టి రా. వచ్చేసారి లెటర్ వచ్చినప్పుడు ఆ మాట పని చేయడం నేను చాలాసార్లు చూశాను.

ఇంకో మాట ఇక్కడే చెప్పేయాలి. ఈఆర్ఈ పోస్టింగ్ ఇప్పిస్తామని, ఫలానా ఆఫీసులో మాకు మనుషులున్నారని డబ్బు అడిగేవాళ్ళు ఉంటారు. స్టేషన్ బయట, ఒక్కోసారి మన సొంత జిల్లావాడే. పైసా ఇవ్వకండి. ఇచ్చారంటే డబ్బూ పోతుంది, బయటపడితే ఉద్యోగమూ పోతుంది. ఏ పోస్టింగ్‌కూ ఫీజు లేదు.

ఇప్పుడు పోస్టింగుల గురించి విడివిడిగా.

పారా ఎస్ఎఫ్. వేరే రెజిమెంట్ల నుంచి వాలంటీర్లను తీసుకుంటారు, ఎంఈజీ నుంచి కూడా వెళ్ళినవాళ్ళున్నారు. ముందు మూడు నెలల ప్రొబేషన్. వీపున బరువు, చేతిలో ఆయుధం, రాత్రింబవళ్ళు నడక, నిద్ర ఉండదు, తిండి సమయానికి ఉండదు. ఒళ్ళు అలిసిపోయాక బుర్ర పనిచేస్తుందా లేదా అన్నదే అక్కడ చూస్తారు. పాసైతే ఆగ్రాలో ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ పారాట్రూపర్స్ ట్రెయినింగ్ స్కూల్. అక్కడ అయిదు జంపులు, ఒకటి రాత్రిపూట. అయిదూ అయ్యాకే ఛాతీ మీద రెక్కలు. ఎస్ఎఫ్‌లో నిలబడినవాళ్ళ ఛాతీ మీదే బలిదాన్ బ్యాడ్జ్.

చాలామంది తిరిగి వస్తారు. ఆర్టీయూ, యూనిట్‌కు వాపసు. ఈ విషయంలో మన బారక్‌ల మీద నాకు కోపం. వెళ్ళి తిరిగొచ్చినవాడిని ఎగతాళి చేస్తారు. ఆ ఎగతాళికి భయపడి పదిమంది అసలు పేరే ఇవ్వరు. ప్రొబేషన్లో నెలరోజులు నిలబడి కాలు బెణికి వచ్చినవాడు, పేరే ఇవ్వనివాడి కంటే మెరుగైన సైనికుడిగా తిరిగొచ్చాడు. అతని పరుగు చూడండి, ఫైరింగ్ చూడండి, తేడా కనబడుతుంది. కంపెనీలో ఇలాంటివాడు ఉంటే అతని దగ్గర కూర్చుని అక్కడ ఏం జరిగిందో అడగండి, మీ తయారీకి అంతకంటే మంచి పాఠం దొరకదు. ఎన్‌సీఓలుగా ఉన్నవాళ్ళకు నా విన్నపం: తిరిగొచ్చిన కుర్రాడిని రోల్‌కాల్‌లో అందరి ముందు నిలబెట్టి మెచ్చుకోండి.

ఎన్ఎస్‌జీ. 1984లో పెట్టారు. పర్మనెంట్ మనుషులు ఉండరు, అందరూ డెప్యుటేషన్ మీద వచ్చి కొన్నేళ్ళు చేసి సొంత యూనిట్‌కు వెళ్ళిపోతారు. దాడి చేసే విభాగం ఎస్ఏజీలో ఉండేది ఆర్మీ నుంచి వెళ్ళినవాళ్ళే. శిక్షణ హర్యానాలోని మానేసర్‌లో. ముంబై దాడుల తరవాత హైదరాబాద్, చెన్నైలతో సహా నాలుగు నగరాల్లో హబ్‌లు పెట్టారు కాబట్టి మనవాళ్ళకు ఇంటికి దగ్గరగా పనిచేసే వీలు కూడా వచ్చింది. యలహంక న్యూటౌన్‌లో మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ పేరు మీద రోడ్డుంది, మీరందరూ ఆ రోడ్డు మీద తిరిగే ఉంటారు. ఆయన బిహార్ రెజిమెంట్ నుంచి డెప్యుటేషన్ మీద ఎన్ఎస్‌జీకి వెళ్ళి, ముంబై దాడులప్పుడు ప్రాణమిచ్చారు. అదే ఆపరేషన్లో నారిమన్ హౌస్ దగ్గర హవల్దార్ గజేందర్ సింగ్ బిష్ట్ ప్రాణమిచ్చారు, ఇద్దరికీ అశోక చక్ర వచ్చింది. ఆ హవల్దార్ సాబ్ పేరు మన పిల్లలకు కూడా చెప్పండి.

యూఎన్ మిషన్ అనగానే అందరికీ డాలర్లే గుర్తొస్తాయి. డబ్బు వస్తుంది, కాదనను. 1950లో కొరియాకు 60 పారా ఫీల్డ్ అంబులెన్స్ వెళ్ళిన నాటి నుంచి మన దేశం వేరే దేశాల్లో శాంతి కోసం మనుషుల్ని పంపుతూనే ఉంది. ఇప్పటికి 2,50,000 మందికి పైగా వెళ్ళారు, నూట యాభైకి పైగా ప్రాణాలు అక్కడే పోయాయి. ఎక్కువగా బెటాలియన్ మొత్తానికి పేరు వస్తుంది, దాంతో పాటు ఇంజనీర్, సిగ్నల్స్, మెడికల్ వాళ్ళను కలుపుతారు. మన సాపర్లకు మంచి అవకాశం ఇక్కడే. డోజర్ ఆపరేటర్, జేసీబీ ఆపరేటర్, ప్లంబర్, ఎలక్ట్రీషియన్, ఇలాంటివాళ్ళు కావాలి. దక్షిణ సూడాన్‌లో వానాకాలం రోడ్డు కొట్టుకుపోతే దాన్ని తిరిగి వేసేది మన ఇంజనీర్ కంపెనీ. ట్రేడ్ టెస్ట్ పై క్లాసులో పాసై ఉండు, పాస్‌పోర్ట్‌కు కావలసిన కాగితాలు సిద్ధంగా ఉంచుకో, నాలుగు ఇంగ్లిష్ ముక్కలు నేర్చుకో. ఢిల్లీలో యూఎన్ శిక్షణకు ప్రత్యేకంగా ఒక సెంటర్ 2000 నుంచి నడుస్తోంది.

ఇక్కడ ఉన్న చెల్లెళ్ళ కోసం. సీఎంపీలో మొదటి మహిళా జవాన్ల బ్యాచ్, 83 మంది, 2021 మే 8న ఈ బెంగళూరులోనే పాసింగ్ అవుట్ అయ్యారు. 2023 జనవరిలో సూడాన్, దక్షిణ సూడాన్ సరిహద్దులోని అబ్యేలో యూఎన్ డ్యూటీకి మన ఆర్మీ ఒక మహిళా ప్లటూన్‌ను పంపింది, ఇద్దరు ఆఫీసర్లు, 25 మంది జవాన్లు. మన ఆడపిల్లల తల మీద యూఎన్ టోపీ! మన వైపు ఆడపిల్లలకు ఈ సంగతి ఇంకా చేరలేదు, మీరు చేర్చాలి.

నేవీ వాళ్ళు ఇక్కడ తక్కువ గానీ, ఊళ్ళో తమ్ముళ్ళుంటే చెప్పండి. సబ్‌మెరైన్ శాఖకు వాలంటీర్లనే తీసుకుంటారు, వాళ్ళ స్కూల్ విశాఖపట్నంలోని ఐఎన్ఎస్ శాతవాహన. ఎయిర్‌ఫోర్స్‌లో గరుడ్ కమాండోలున్నారు, 2004 నుంచి. కార్పొరల్ జ్యోతి ప్రకాశ్ నిరాలా గరుడే, అశోక చక్ర గ్రహీత.

ఉస్తాద్ పోస్టింగ్ గురించి నా మనసులో మాట. దీన్ని చాలామంది పీస్ పోస్టింగ్‌గా చూస్తారు. కుటుంబంతో ఉండొచ్చు, పిల్లల చదువు నడుస్తుంది. మంచిదే. కానీ ఉల్సూరు సెంటర్‌కు వచ్చే రంగరూటు (కొత్తగా చేరిన కుర్రాడు) మొదటిసారి చూసే ఆర్మీ మీరే. శ్రీకాకుళం నుంచో, అనంతపురం నుంచో వచ్చిన పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి హిందీ రాదు, రాత్రి దుప్పట్లో ఏడుస్తాడు. వాడిని సైనికుణ్ణి చేయాలి. కోర్సులో మంచి గ్రేడింగ్, అందులో ఇన్‌స్ట్రక్టర్‌గా పనికొస్తాడన్న మాట ఉండాలి. అంతకు మించి పాఠం చెప్పడం రావాలి. బారక్‌లో ముగ్గురిని కూర్చోబెట్టి ఇన్సాస్ రైఫిల్ విప్పి కలపడం పదిహేను నిమిషాల్లో హిందీలో చెప్పి చూడు. తడబడిన చోట రాసుకో, మర్నాడు మళ్ళీ చెప్పు. నెలలో నీ హిందీ తేలికపడుతుంది.

ఎన్‌సీసీ పీఐ స్టాఫ్‌కూ అంతే. సికింద్రాబాద్ డైరెక్టరేట్ కింద గుంటూరు, కాకినాడ, తిరుపతి, విశాఖ, వరంగల్, నిజామాబాద్ లాంటి చోట్ల గ్రూపులున్నాయి. ఇంటికి దగ్గర. కాలేజీ పిల్లల ముందు నిలబడి మాట్లాడగలగాలి, యూనిఫాంలో మచ్చ ఉండకూడదు.

ఒక జాగ్రత్త. బయట పోస్టింగ్‌లో ఉన్న కాలం ప్రమోషన్ లెక్కల్లో ఎలా వస్తుందో వెళ్ళే ముందే కనుక్కోండి. పై ర్యాంకుకు యూనిట్ డ్యూటీలో రాసిన ఏసీఆర్‌లు కొన్ని ఉండాలి. ఈఆర్ఈ తరవాత ఈఆర్ఈ చేసుకుంటూ పోయి, ప్రమోషన్ బోర్డు దగ్గర ఆ రిపోర్టులు లేక ఆగిపోయినవాళ్ళున్నారు. టెన్యూర్ పూర్తయ్యేంత సర్వీస్ మిగిలుందో లేదో కూడా చూసుకోవాలి.

ఆఫీసర్ కావడం. దీని గురించి మన ఊళ్ళలో ఎవరికీ తెలియదు, అందుకే బాధ. సిపాయిగా చేరినవాడు ఆఫీసర్ కావచ్చు. ఏసీసీకి 20 నుంచి 27 ఏళ్ళ వయసు, కనీసం రెండేళ్ళ సర్వీస్, ఇంటర్ పాస్. రాతపరీక్ష, తరవాత ఎస్ఎస్‌బీ అనే ఎంపిక బోర్డు. ఎంపికైతే డెహ్రాడూన్లో మూడేళ్ళు చదువు, జేఎన్‌యూ డిగ్రీ వస్తుంది, ఆ పైన అక్కడి మిలటరీ అకాడమీ ఐఎంఏలో ఒక ఏడాది. వయసు దాటినవాళ్ళకు ఎస్‌సీఓ (స్పెషల్ కమిషన్డ్ ఆఫీసర్) దారి ఉంది, 28 నుంచి 35, అయిదేళ్ళ సర్వీస్. ఇంకా పెద్దవాళ్ళకు పీసీఎస్ఎల్ అనే కమిషన్, పదేళ్ళ సర్వీస్, 42 లోపు. నియమాలు మారుతుంటాయి, ఆ ఏడాది లెటర్లో ఉన్నదే ఖాయం చేసుకోండి. మన కుర్రాళ్ళలో ఇంటర్ ఎంపీసీ చదివి ఎంసెట్‌లో ర్యాంకు రాక ఆర్మీకి వచ్చినవాళ్ళు ఎంతమందో! ఆ లెక్కలు మర్చిపోకముందే రాయండి. ఎస్ఎస్‌బీ అయిదు రోజుల పరీక్ష. మొదటి రోజు బొమ్మ చూపించి కథ రాయమంటారు, గుంపులో మాట్లాడమంటారు, అక్కడే సగం మంది పైన ఇంటికి వెళ్ళిపోతారు. మాట్లాడని తెలుగువాడు తెలివైనవాడని వాళ్ళకెలా తెలుస్తుంది? రోజూ ఒక ఇంగ్లిష్ పేపర్, రోజూ ఒక అయిదు నిమిషాలు ఎవరో ఒకరి ముందు మాట్లాడటం. దొరికే సమయం అంతే, అది చాలు.

అమ్మలారా, ఇప్పుడు మీతో. ఆయన పారాకు పేరిస్తానన్నా, మిషన్‌కు వెళ్తానన్నా ముందు మీకు చెప్పాలి. విల్లింగ్‌నెస్ కాగితం మీద సంతకం అతనిదే, బరువు మోసేది మీరు కూడా. ఏడాది పాటు దూరంగా ఉంటే ఇల్లు ఎక్కడ, పిల్లల స్కూల్ ఎక్కడ, అత్తమామల మందులు ఎవరు చూస్తారు, సంతకానికి ముందే కూర్చుని మాట్లాడుకోండి. భర్త ఫీల్డ్‌లో ఉన్నప్పుడు సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్స్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, వెయిటింగ్ ఉంటుంది కాబట్టి ముందే పెట్టండి. ఆయన పేరుతో ఉన్న బ్యాంక్ ఖాతా జాయింట్ చేయించుకోండి. నామినీ పేరు ఇంకా వాళ్ళ అమ్మగారిదే ఉందేమో చూడండి. దీని గురించి ఇంట్లో గొడవ పడకుండా శాంతంగా మాట్లాడి, ఎవరి వాటా ఎంతో రాయించుకోండి. మీరు ధైర్యంగా ఉన్నారని తెలిస్తే ప్రొబేషన్లో అతను ఇంకొక రోజు ఎక్కువ నిలబడతాడు. మీకు ఇష్టం లేకపోతే అది కూడా గట్టిగా చెప్పండి. భార్యకు చెప్పకుండా వెళ్ళినవాడి మనసు అక్కడ ఉండదు.

చివరిగా అగ్నివీర్ తమ్ముళ్ళకు. 2022లో వచ్చిన పథకం, నాలుగేళ్ళు, అందులో 25 శాతం దాకా రెగ్యులర్‌లోకి తీసుకుంటారు. మీకు ప్రత్యేక పోస్టింగ్ కంటే ముందు ఆ 25 శాతంలో ఉండటమే పెద్ద ఎంపిక. నేను కాగితాల గురించి, మెడికల్ గురించి, ఓఎస్ఎల్ గురించి చెప్పినవన్నీ మీకు మరింత వర్తిస్తాయి. పాతవాళ్ళకు ఒక ఏడాది పాడైనా సరిదిద్దుకోవడానికి పదేళ్ళుంటాయి, మీ చేతిలో నాలుగే. పరుగు, ఫైరింగ్, డ్రిల్ ఫలితాలు ఎప్పటికప్పుడు మీ రికార్డులో ఎక్కాయో లేదో ప్రతి పరీక్ష తరవాతా చూసుకోండి. ఏ ట్రేడ్‌లో ఉన్నారో ఆ ట్రేడ్ టెస్ట్ వదలకండి.

నేను ఇంకో గంట ఇక్కడే ఉంటాను. కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు ఆ పక్క టేబుల్ దగ్గరికి రండి, పేర్ల తేడాలు కలిసి చూద్దాం. ప్రశ్నలున్నవాళ్ళు అడగండి. ముందు ఆ మూడో వరసలో చెల్లెమ్మ చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంది, మైకు ఆమెకివ్వండి.